ఓటుకు ముందు ఆదివారం ఏమని ప్రార్థించాలి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనలో విజ్ఞాపన ప్రార్థన చేసే వంతు ఈసారి నాకు వచ్చింది. ఆ వారంలోనే దేశంలో ఎన్నికలు. "నాయకుల కోసం, సైనికుల కోసం, ఓటర్ల కోసం ప్రార్థన చేయమ్మా" అని పాస్టర్ గారు చెప్పారు. సంఘ పెద్దల్లో ఒకాయన మాత్రం ఫలానా అభ్యర్థి గెలవాలని పేరు పెట్టి ప్రార్థించమంటున్నారు. పేరు చెప్పకపోతే అది పిరికి ప్రార్థన అంటున్నారు. నా బాధ వేరే. ఇప్పుడు అధికారంలో ఉన్న నాయకుడంటే నాకు అసలు గిట్టదు. టీవీలో కనిపిస్తే ఛానల్ మార్చేస్తాను. అలాంటి మనిషి కోసం మైకు ముందు నిలబడి "ఆశీర్వదించు ప్రభువా" అంటే అది నటన కాదా? ఇంకొకటి. మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, సరిహద్దు దగ్గర పోస్టింగ్. వాడి కోసం రోజూ ఏడ్చి ప్రార్థిస్తాను. కానీ "మన సైన్యానికి జయం ఇవ్వు" అనే మాట దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. అవతల కూడా ఎవరి తమ్ముడో ఉంటాడు కదా. నేను ఏమని ప్రార్థించాలి?
ఒక సోదరి

జవాబు: అమ్మా, వందనాలు. మీ ఉత్తరం చదువుతుంటే నేను చేసిన ఒక తప్పు గుర్తొచ్చింది. ముందు అది చెబుతాను.

నాకు ముప్పై ఏళ్లు కూడా నిండని రోజుల్లో, ఇలాగే ఎన్నికల ముందు ఆదివారం, ప్రార్థన నాకు అప్పగించారు. పేర్లయితే ఎత్తలేదు గానీ ఎత్తినంత పని చేశాను. "ప్రభువా, అవినీతిపరుల్ని గద్దె దించు, నీతిమంతుల్ని నిలబెట్టు" అంటూ గొంతు పెంచాను. ఎవరు దిగాలో ఎవరు ఎక్కాలో ఆ హాల్లో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోయింది. ఆమేన్ గట్టిగానే వినిపించింది. కళ్లు తెరిచేసరికి మూడో వరసలో ఒక పెద్దాయన, మూసి ఉన్న బైబిలు మీద రెండు చేతులూ పెట్టుకుని, పెదవులు బిగించి నన్నే చూస్తున్నాడు. అందరూ వెళ్లాక మెట్ల దగ్గర ఆగి ఒకే మాట అన్నాడు. "బాబూ, నా ప్రార్థన కూడా నువ్వు చేస్తావని తల వంచాను. నువ్వు నీ ఓటు ఎవరికో దేవునికి చెప్పి వచ్చావు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్లాక సిగ్గేసింది.

సంఘం ముందు నిలబడి చేసే ప్రార్థనలో "నేను" ఉండదు, "మేము" ఉంటుంది. మీరు ఒక్కరే మాట్లాడుతున్నా అది ఆ హాల్లో కూర్చున్న అందరి మాట. ఆమేన్ అనడమంటే "అవును, ఇది నా మాట కూడా" అని సంతకం పెట్టడమే. వాళ్లు కళ్లు మూసుకుని ఉండగా, వాళ్లు ఒప్పుకోని కాగితం మీద వాళ్ల చేత సంతకం పెట్టించకూడదు. వేరే పార్టీకి ఓటేసే మనిషి కూడా మీ సంఘంలో ఉంటాడు. తప్పకుండా ఉంటాడు, మీకు తెలియకపోవచ్చు. ఆయన కూడా మనస్ఫూర్తిగా ఆమేన్ అనగలిగేలా మీ ప్రార్థన ఉండాలి. అలాగని నీళ్లు కలిపిన పాలలా ఉండక్కర్లేదు. సూటిగా, గట్టిగా, గుచ్చుకునేలా కూడా ఉండొచ్చు. కాకపోతే ఆ గుచ్చుకోవడం అందరికీ సమానంగా ఉండాలి.

కాబట్టి మీ సంఘ పెద్ద కోరినట్టు పేరు పెట్టి గెలుపు అడగవద్దు. ఇంట్లో ఆయన ఎవరి కోసమైనా ప్రార్థించుకోవచ్చు, దానికి ఎవరూ అడ్డు రారు. ఈ మాట మీరు ఒంటరిగా ఆయనతో వాదించి చెప్పాల్సిన పని లేదు. శనివారం లోపు పాస్టర్ గారికి చెప్పండి, ఆయన మాట్లాడతారు. ఎన్నికల సమయంలో ఆరాధనలో ప్రచారం చేస్తే చాలా దేశాల్లో చట్టం చిక్కులు కూడా ఉంటాయి. ఆ సంగతి ఆయనకి గుర్తు చేస్తే మాట తొందరగా తేలుతుంది.

ఇక మీకు గిట్టని నాయకుడి సంగతి.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండో అధ్యాయం మొదటి రెండు వచనాలు మీకు తెలిసే ఉంటాయి. రాజుల కోసం, అధికారులందరి కోసం ప్రార్థించమన్నాడు. ఆ పత్రికకి సంప్రదాయంగా చెప్పే కాలం చూస్తే అప్పుడు రోములో చక్రవర్తి నీరో. క్రీ.శ. 64లో రోము తగలబడితే ఆ నింద క్రైస్తవుల మీద వేసి చంపించినవాడు. ఇలాంటివాడు పాలిస్తున్న రోజుల్లో పౌలు "మంచి రాజైతే ప్రార్థించండి" అని షరతు పెట్టలేదు. ఎందుకు ప్రార్థించాలో మాత్రం చెప్పాడు. మనం నెమ్మదిగాను సుఖముగాను బతకడానికి అన్నాడు. రాజు మనసు చెడితే ముందు నలిగేది ఇరుగుపొరుగు జనమే. ఆ జనం కోసమైనా రాజు కోసం ప్రార్థించాలి.

మరో నూట ముప్పై ఏళ్లు గడిచాక, క్రీ.శ. 197 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీలో ఉన్న తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రోము అధికారులను ఉద్దేశించి ఒక పుస్తకం రాశాడు. మేం మీ చక్రవర్తికి శత్రువులం కాము, ఆయన కోసం ఏమేం అడుగుతున్నామో వినండి అంటూ ఒక చిట్టా ఇచ్చాడు. దీర్ఘాయుష్షు, భద్రమైన పాలన, క్షేమంగా ఉండే ఇల్లు, ధైర్యమున్న సైన్యం, నమ్మకమైన సెనేట్, నీతిగల ప్రజలు, ప్రశాంతమైన లోకం. మీ పాస్టర్ గారు చెప్పిన నాయకులు, సైనికులు, ప్రజలు ముగ్గురూ అందులో ఉన్నారు చూడండి! అదే క్రైస్తవులు చక్రవర్తి బొమ్మ ముందు ధూపం వేయమంటే మాత్రం వేయలేదు, ప్రాణాలు పోయినా సరే. చక్రవర్తి కోసం దేవునికి మొక్కారు, చక్రవర్తికి మొక్కలేదు. మీ ప్రశ్నకి నా జవాబు దాదాపు అంతా ఇక్కడే ఉంది. ఒక మనిషి కోసం ప్రార్థించడమంటే ఆయన మెడలో దండ వేయడం కాదు. ఆయన పైన ఇంకో న్యాయాధిపతి ఉన్నాడని ఆయనకీ, మనకీ గుర్తు చేయడం.

అందుకని "మా ప్రియతమ నాయకుడు" లాంటి మాటలు మీ నోట రానక్కర్లేదు. దేవుని ముందు అబద్ధం ఆడకండి. ఆ నాయకుడంటే మీకు ఇష్టం లేదని దేవునికి ముందే తెలుసు. "ఆశీర్వదించు" అనే ఒక్క మాట దగ్గర ఎందుకు ఆగిపోతారు? అది చాలా వదులు మాట, ఎటైనా లాగొచ్చు. దాని బదులు ఏం కావాలో విడమర్చి అడగండి. సొలొమోను సింహాసనం ఎక్కినప్పుడు ఏమడిగాడు? మంచి చెడులు తేడా తెలుసుకునే హృదయం అడిగాడు, మొదటి రాజులు మూడో అధ్యాయంలో ఉంది. అది అడగండి. దావీదు రాజు తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఎదురుగా నిలబడి "ఆ మనిషివి నువ్వే" అన్నాడు. మన నాయకుడి పక్కన కూడా అలా చెప్పగలిగే ఒక్క మనిషినైనా ఉంచమని అడగండి. నాకు తెలిసి ఏ పాలకుడికైనా ఇంతకంటే పెద్ద మేలు లేదు, ఇంతకంటే అరుదైనదీ లేదు. దానియేలు బబులోను రాజు నెబుకద్నెజరుకి పాపాలు మానమనీ, బీదలపై కరుణ చూపమనీ మొహం మీదే చెప్పాడు. కానీ అంతకుముందు ఆ రాజు మీదికి రాబోయే కీడు తలుచుకుని కలవరపడ్డాడు, అది నీ శత్రువులకి రావాలి గానీ నీకు కాదు అన్నాడు. తన ఊరిని తగలబెట్టి, తనను చెరపట్టి తెచ్చిన రాజుతో! ఈ చోటు చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను.

ఇవన్నీ నటించకుండా అడగొచ్చు, ప్రయత్నించి చూడండి. ఆయన అభిమానులూ ఆమేన్ అంటారు, మీరూ అంటారు.

ఒక చిన్న పని కూడా చెబుతాను. ఈ వారంలో ఒక్కసారి, టీవీలో ఆయన కనిపించినప్పుడు రిమోట్ పక్కన పెట్టి ఒక్క నిమిషం చూడండి. ఏం మాట్లాడుతున్నాడో పట్టించుకోవద్దు. కళ్ల కింద నలుపు చూడండి, వయసు చూడండి. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టాలని ఒక్క మాట అడిగి పడుకోండి. నేను ఒక పాత నోట్‌బుక్‌లో ఎడమ పేజీ మీద నాకు నచ్చినవాళ్ల పేర్లు, కుడి పేజీ మీద నచ్చనివాళ్ల పేర్లు రాసుకుని ప్రార్థిస్తుంటాను. కొన్నేళ్లకి కుడి పేజీలో వాళ్ల రాజకీయం నాకేమీ నచ్చడం మొదలవలేదు. కానీ వాళ్ల గురించి ఎవరైనా వెటకారంగా పంపిన వీడియో చూసి నవ్వడం మాత్రం ఆగిపోయింది. ఎందుకో నవ్వు రాదు.

ఇప్పుడు తమ్ముడు.

అమ్మా, ఇంట్లో మీరు ఏడ్చి అడిగేదాన్ని సరిదిద్దే అర్హత నాకు లేదు. వాడిని క్షేమంగా ఇంటికి తీసుకురా అని అడగండి, రోజుకి పదిసార్లు అడగండి. కీర్తనలు రాసినవాళ్లు ఇంతకంటే ఘాటుగా అడిగారు. మీ సందేహం మైకు ముందు "జయం" అనే మాట గురించి. ఆ సందేహం మీకు రావడం మంచిదే అనిపిస్తోంది నాకు.

యెహోషువ యెరికో దగ్గర కత్తి దూసి నిలబడ్డ ఒక మనిషిని చూసి, నువ్వు మా పక్షమా, మా శత్రువుల పక్షమా అని అడిగాడు. రెండూ కాదు, యెహోవా సేనాధిపతిగా వచ్చాను అని జవాబు వచ్చింది. అప్పుడు యెహోషువ సాగిలపడ్డాడు. అక్కడ ప్రశ్నే తిరగబడింది. దేవుడు మన వైపు ఉన్నాడా అనే ప్రశ్న పోయి, మనం ఎవరి ముందు నిలబడ్డాం అన్నది మిగిలింది. ఇది మరిచిపోవడం మనుషులకి భలే తేలిక. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల బెల్టు బకిల్ మీద "దేవుడు మాతో ఉన్నాడు" అని చెక్కి ఉండేది. ఎదుటి కందకాల్లో ఉన్నవాళ్లు కూడా ఆదివారం అదే దేవుని పాటలు పాడినవాళ్లే.

అమెరికా అంతర్యుద్ధం ముగింపుకి వస్తున్నప్పుడు, 1865 మార్చి 4న, అబ్రహాం లింకన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసి చిన్న ప్రసంగం చేశాడు. అప్పటికి ఆ యుద్ధం లక్షల మందిని మింగింది. ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదువుతున్నాయి, ఒకే దేవునికి ప్రార్థిస్తున్నాయి, ఒకరి మీద ఒకరికి సహాయం చేయమని అడుగుతున్నాయి, ఇద్దరి ప్రార్థనలూ నెరవేరడం సాధ్యం కాదు, ఎవరిదీ పూర్తిగా నెరవేరలేదు అన్నాడు. గెలుస్తున్న పక్షం నాయకుడు అన్న మాట ఇది. అలాగని బానిసత్వం విషయంలో తప్పొప్పులు లేవని ఆయన అనలేదు. తన పక్షం న్యాయమైనదని నమ్ముతూనే, దేవుణ్ని తన జేబులో పెట్టుకోలేదు.

యుద్ధం గురించి క్రైస్తవులంతా ఒక్క మాట మీద లేరు. మెన్నొనైట్లు, క్వేకర్లు లాంటివాళ్లు ఆయుధం పట్టడమే కూడదంటారు. పూర్వకాలపు సంఘ గురువు అగస్టీను నాటి నుంచి చాలా సంఘాలు కొన్ని షరతుల మీద ఒప్పుకుంటాయి. ఆ గొడవ ఆదివారం మీ నాలుగు నిమిషాల్లో తేలదు, వదిలేయండి. అయితే సైనికులు వచ్చి "మేమేం చేయాలి?" అని అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది చూడండి, లూకా మూడో అధ్యాయంలో. ఎవరినీ బెదిరించి డబ్బు లాక్కోవద్దు, తప్పుడు నింద వేయవద్దు, మీ జీతంతో తృప్తి పడండి అన్నాడు. చేతిలో ఆయుధం ఉన్నవాడికి వచ్చే శోధన ఏంటో ఆయనకి బాగా తెలుసు.

అందుకే సైనికుల కోసం ప్రార్థించేటప్పుడు ప్రాణం కోసం అడగండి, మనస్సాక్షి కోసం కూడా అడగండి. ఆకలిగా, నిద్ర లేకుండా, భయంతో ఉన్నప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఆగాల్సిన చోట ఆగాలని అడగండి. చేయకూడని పని చేయమని ఆజ్ఞ వస్తే కాదనే ధైర్యం అడగండి. మ్యాపు మీద గీతలు గీసే అధికారులకి ఆ గీత వెంట నిలబడేవాళ్ల మొహాలు గుర్తుండాలని అడగండి. అసలు యుద్ధం అవసరం రాకుండా చూడమని అడగండి. తిరిగొచ్చాక కూడా అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచేవాళ్ల కోసం, ఫోన్ మోగితే గుండె ఆగినంత పనయ్యే ఇళ్ల కోసం అడగండి. ఈ చివరిది మీకంటే బాగా ఎవరు అడగగలరు?

అవతలి వైపు తమ్ముడి కోసం కూడా ఒక్క వాక్యం చెప్పండి. ఒక్కటి చాలు. ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు. మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించువారి కొరకు ప్రార్థన చేయుడి అన్నది మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువు మాట. చిట్లించేవాళ్లు ఆయనతోనే మాట్లాడుకోవాలి. పైగా సైనికుడి అక్క నోట ఆ మాట వస్తే ఎవరూ తేలిగ్గా తీసేయలేరు.

ఓటర్ల గురించి పెద్దగా చెప్పను. బైబిల్లో ఓటర్లు లేరు, రాజులున్నారు. ఇప్పుడు ఆ రాజరికం ముక్కలు ముక్కలుగా మన వేళ్ల మీదికి వచ్చింది కాబట్టి, రాజుల కోసం చేయమన్న ప్రార్థన మనకే వర్తిస్తుంది. డబ్బుకో భయానికో ఓటు లొంగకూడదని, నిజమో కాదో చూడకుండా మెసేజ్ ఫార్వర్డ్ చేయకూడదని, మన ఇంటి లాభం ఒక్కటే చూసుకోకూడదని అడగండి. పోలింగ్ సిబ్బందిని మరిచిపోకండి. తెల్లవారకముందే లేచి, రాత్రి దాకా లెక్కలు చూసుకునే ఆ మనుషుల పేర్లు ఎవరి ప్రార్థనలోనూ వినిపించవు. పౌలు చెప్పిన చిట్టాలో కృతజ్ఞతాస్తుతులు కూడా ఉన్నాయి కదా, అవి వీళ్ల దగ్గర మొదలుపెట్టండి. తేలిక.

ఫలితాలు వచ్చిన మర్నాటి సంగతి కూడా ఇప్పుడే ఆలోచించుకోండి. సమూయేలు ప్రవక్త వద్దు వద్దంటున్నా ఇశ్రాయేలీయులు రాజు కావాలన్నారు, తెచ్చుకున్నారు. ఒక విధంగా ఆయన ఓడిపోయాడు. ఆ తర్వాత ఆయన అలిగి కూర్చోలేదు. మీ కోసం ప్రార్థన చేయడం మానితే నేను యెహోవాకు విరోధంగా పాపం చేసినవాడినవుతాను అన్నాడు, మొదటి సమూయేలు పన్నెండులో. మీ పక్షం ఓడితే ఈ వచనం తెరవండి. గెలిస్తే ఇంకా ముందే తెరవండి.

పేర్లు ఎలాగూ మారిపోతుంటాయి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని క్రైస్ట్ చర్చిలో, ఆ దేశం ఇంగ్లండ్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించిన 1776 జూలై 4న పెద్దలు కూడి, ఇంగ్లండ్ రాజు కోసం ప్రతి ఆదివారం చదివే ప్రార్థనలు ఇక మానేయాలని తీర్మానించారు. ప్రార్థన పుస్తకంలో రాజు కోసం ఉన్న మాటల్ని కలంతో కొట్టేశారు. 1789లో అక్కడి సంఘం కొత్త ప్రార్థన పుస్తకం తెచ్చినప్పుడు రాజు బదులు అధ్యక్షుడి కోసం ప్రార్థన చేర్చారు. ఎవరి పేరున్నా ప్రార్థన చేసే పని మాత్రం మిగిలే ఉంది.

ఆదివారానికి ఒక నమూనా రాస్తున్నాను. మీ మాటల్లోకి మార్చుకోండి. కాగితం మీద రాసుకుని వెళ్లండి, అది ఆత్మకి విరోధమేమీ కాదు. నాలుగు నిమిషాలు దాటించవద్దు. కళ్లు మూసుకుని ప్రసంగం చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉంది.

"ప్రేమగల తండ్రీ, మమ్మల్ని పాలిస్తున్నవారిని నీ ముందుకు తెస్తున్నాం. వారిలో మేము మెచ్చినవారున్నారు, మెచ్చనివారున్నారు. అందరూ నీకు లెక్క చెప్పాల్సినవారే. వారికి మంచి చెడులు తెలుసుకునే హృదయం ఇవ్వు. నిజం చెప్పే మనుషుల్ని వారి పక్కన ఉంచు. బీదవాడి గోడు వారి చెవిన పడనివ్వు. తండ్రీ, సైన్యంలో ఉన్న మా బిడ్డల్ని కాపాడు. వారి ప్రాణాన్ని కాపాడు, వారి మనస్సాక్షినీ కాపాడు. అవతలి వైపు ఉన్నవారూ తల్లులు కన్నవారే, వారినీ కనికరించు. ఆయుధాలు మాట్లాడకముందే నాయకుల చేత మాట్లాడించు. ఈ వారం ఓటు వేసే మమ్మల్ని అబద్ధం నుంచి, ఆశ నుంచి, ద్వేషం నుంచి తప్పించు. పోలింగ్ పని చేసే ప్రతి ఒక్కరికీ బలం ఇవ్వు. ఫలితం ఏదైనా, వచ్చే ఆదివారం మేమంతా ఇదే చోట పక్కపక్కన కూర్చునేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్."

తమ్ముడి పేరు మీరు రాయలేదు. వీలైతే ఒక కార్డు ముక్క రాయండి. నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో ఇంకా రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.